కమిటీ గడప తొక్కిన బిల్లులు, తొక్కని బిల్లులు

2020 జనవరి 22, బుధవారం. బాగా పొద్దుపోయాక వెలగపూడి శాసనమండలిలో చైర్మన్ ఎం.ఎ. షరీఫ్ రెండు బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. ఒకటి మూడు రాజధానుల బిల్లు, రెండోది రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) రద్దు బిల్లు. సభా నియమాల పుస్తకానికే పరిమితమైన మాట ఆ రాత్రితో కృష్ణకు రెండు ఒడ్లా ఇంటింటి మాట అయింది. కమిటీకి వెళ్తే బిల్లు ఆగినట్టా, చచ్చినట్టా, మూడు నెలలు వాయిదా పడ్డట్టా అని అందరూ అడిగారు. అసలు అలాంటి కమిటీ ఎందుకు పుట్టింది, అందులో ఎవరి గోడు వినాలి అన్న సంగతి ఆ హడావుడిలో వెనక్కి పోయింది. ఆ సంగతి తెలియాలంటే చాలా వెనక నుంచి రావాలి.

దీని పుట్టిల్లు ఇంగ్లండు. పదహారో శతాబ్దంలో అక్కడి కామన్స్ సభలో బిల్లును మూడుసార్లు చదివే ఆచారం కుదురుకుంది. సభ్యులందరి చేతికీ అచ్చుప్రతులు వచ్చే రోజులు కావవి. గుమాస్తా పైకి చదువుతుంటే విని ఆకళించుకోవాలి. రెండో చదువు అయ్యాక లోపాలు బయటపడితే వందల మంది ఒకచోట కూర్చుని ఒక్కో మాటా దిద్దుకోవడం అయ్యే పని కాదు. అందుకని ఆ కాగితాన్ని కొద్దిమంది చేతిలో పెట్టేవారు. వాళ్లు మధ్యాహ్నాలు లండన్ న్యాయవాదుల టెంపుల్ భవనాల్లోనో, స్టార్ చాంబర్‌లోనో కూడి, దిద్దిన ప్రతిని మళ్లీ సభకు తెచ్చేవారు. బిల్లు మొదలంటా వద్దనేవాళ్లను ఆ కమిటీలో వేయకూడదన్న నియమం ఒకటి అక్కడ నిలిచింది. మన దగ్గరికి వచ్చేసరికి అది మారింది. ఇక్కడి కమిటీల్లో ఎదురు పార్టీల వాళ్లూ ఉంటారు. ఒప్పుకోని సభ్యుడు తన అసమ్మతిని రాసిస్తే అది నివేదికతో పాటే అచ్చవుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతి మూలం కన్నా మెరుగు. కాదనేవాడి మాట కూడా కాగితం మీద మిగులుతుంది.

తెలుగువాళ్లు పార్లమెంటు విచారణల్లోకి మొదట అడుగుపెట్టింది అర్జీదారులుగా. ఈస్టిండియా కంపెనీ అధికారపత్రం గడువు 1853తో తీరనుండగా, దాన్ని పొడిగించాలా, ఎలా పొడిగించాలి అని తేల్చడానికి లండన్‌లో ఉభయ సభలూ విచారణ కమిటీలు వేశాయి. 1852లో మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి అనే తెలుగు వర్తకుడు మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి, పార్లమెంటుకు పెద్ద అర్జీ పంపించారు. శిస్తు భారం, ఆ శిస్తు రాబట్టడానికి రైతులను పెట్టే చిత్రహింసలు ఆ అర్జీలో ప్రధానం. ఆ కదలికతో డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వచ్చి కళ్లారా చూసి వెళ్లాడు. మరుసటి ఏడు చిత్రహింసల మీద విచారణ సంఘం ఏర్పడింది. 1855 నాటి దాని నివేదిక ఆ హింస నిజమేనని ఒప్పుకుంది. ఓటు లేదు, ప్రతినిధి లేడు, సముద్రాలకు అవతల ఉన్న సభ. అయినా చెప్పుకోవడానికి ఒక విచారణ జరుగుతోందని తెలిసింది కాబట్టే ఆ అర్జీకి బలం వచ్చింది. డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లే అయిందని, బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని సరిగ్గా ఆ రోజుల్లోనే మొదలైందని గుర్తుంచుకుంటే ఆ అర్జీ విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

1853 చట్టంతో కలకత్తాలో పన్నెండు మంది సభ్యుల శాసన మండలి వచ్చింది. బిల్లును గెజిట్‌లో అచ్చు వేయించడం, సెలెక్ట్ కమిటీకి అప్పగించడం, అభిప్రాయాలు తెప్పించుకోవడం ఇక్కడ పద్ధతిగా స్థిరపడింది ఆ మండలిలోనే. 1837లో మెకాలే బృందం తయారుచేసిన శిక్షాస్మృతి ముసాయిదా ఏళ్ల తరబడి మూలపడి, ఈ మండలిలో బార్న్స్ పీకాక్ చేతుల మీదుగా దిద్దుబాట్లు పొంది 1860లో చట్టమైంది. అయితే ఆ పన్నెండు మందిలో భారతీయుడు ఒక్కడూ లేడు. పద్ధతి వచ్చింది, మనుషులు రాలేదు.

కాటన్ దొర గురించి ఒక మాట ఇక్కడ చెప్పాలి. గోదావరి ఆనకట్ట కట్టనివ్వమని 1878లో ఆయన కామన్స్ సభ కమిటీ ముందు నిలబడ్డాడని చాలాచోట్ల రాస్తుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది, బెజవాడది 1855కు. 1878లో జరిగింది వేరు. దక్షిణాదిని 1876–78 కరువు చంపేసిన తర్వాత, ప్రజాధనం రైళ్ల మీద పెట్టాలా కాలువల మీద పెట్టాలా అన్న వాదం మీద కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసింది. డెబ్బై అయిదేళ్ల కాటన్ అక్కడ సాక్ష్యమిచ్చాడు. కృష్ణా, గోదావరి డెల్టాల పంటలే ఆయన చేతిలోని రుజువులు. దేశమంతా కాలువలు తవ్వాలన్న ఆయన కోరికను కమిటీ బలపరచలేదు. కానీ ఆయన మాటలు ప్రశ్నలూ జవాబులుగా అచ్చై ఉన్నాయి. ఓడిపోయిన వాదం కూడా దొరికే చోటు అది.

ఇక మన గడ్డ మీద, మనవాళ్ల చేతుల్లో పనిచేసిన విచారణ అంటే నాకు మొదట గుర్తొచ్చేది 1937 నాటి ప్రకాశం కమిటీ. రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయిన టంగుటూరి ప్రకాశం అధ్యక్షుడిగా, చట్టసభల సభ్యులతో జమీందారీ విచారణ సంఘం ఏర్పడింది. కృష్ణా జిల్లాలో నూజివీడు, చల్లపల్లి వంటి జమీందారీల రైతులకు అది బతుకు ప్రశ్న. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టం పేరుకు హక్కులిచ్చినా, పెరిగిన శిస్తులు తగ్గలేదు. అదే కాలంలో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర సాగింది. బయట యాత్ర, లోపల విచారణ.

1938 నివేదిక తేల్చిన ముక్క సూటిగా ఉంది. భూమికి హక్కుదారు రైతు. జమీందారు శిస్తు వసూలు చేసి పెట్టేవాడు మాత్రమే. శిస్తులు 1802 శాశ్వత శిస్తు నిర్ణయం నాటి మట్టానికి దించాలని సిఫారసు చేసింది. 1939 జనవరిలో శాసనసభ ఆ సిఫారసులను ఆమోదించింది. కానీ బిల్లు రూపు దాల్చకముందే యుద్ధం వచ్చింది, అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. జమీందారీల రద్దు చట్టం 1948లో గాని రాలేదు. పదేళ్లు ఆలస్యమైనా అప్పటికి వాదించాల్సింది పెద్దగా మిగల్లేదు. రుజువులూ లెక్కలూ నివేదికలో ముందే పోగుపడి ఉన్నాయి. 1952లో గండిపడిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో తయారైన బ్యారేజీకి ప్రకాశం పేరు పెట్టారు. రోజూ దాని మీదుగా తాడేపల్లికీ సీతానగరానికీ వెళ్లొచ్చేవాళ్లలో ఆయన తుపాకీకి గుండె చూపిన కథ తెలియనివాళ్లు ఉండరు. ఈ నివేదిక కథ కూడా అంతగా తెలిసి ఉంటే బాగుండేది.

స్వాతంత్ర్యం తర్వాత నియమాలు మారింది కొద్దిగానే. మంత్రి బిల్లు ప్రవేశపెట్టాక సభ ముందు దారులు నాలుగు: వెంటనే చర్చకు చేపట్టడం, సెలెక్ట్ కమిటీకి పంపడం, రెండు సభలుంటే సంయుక్త కమిటీకి పంపడం, ప్రజాభిప్రాయం కోసం తిప్పడం. ఏ దారి పట్టాలో నిర్ణయించేది సభలో బలమున్న పక్షం. చిక్కంతా అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 1958లో మొదలైన శాసనమండలిని 1985లో నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేయించింది. 2007లో అది తిరిగొచ్చింది. తిరిగొచ్చిన మండలే 2020 జనవరిలో అడ్డం తిరిగింది.

ఆ కథకు ముందు 2014 సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. రాష్ట్ర విభజన బిల్లును లోక్‌సభ ఫిబ్రవరి 18న, రాజ్యసభ 20న ఆమోదించాయి. లోక్‌సభ ఆమోదానికి అయిదు రోజుల ముందే విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సభలో మిరియాల స్ప్రే కొట్టారు. బిల్లును మంత్రుల బృందం చూసింది, రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగారు. పార్లమెంటు కమిటీ మాత్రం ఆ బిల్లును విచారించలేదు. రాజధాని ఎక్కడన్న అధ్యయనానికి శివరామకృష్ణన్ కమిటీని చట్టమే ఏర్పాటు చేయించింది. అంటే చట్టం ముందు, విచారణ వెనక. విజయవాడ–గుంటూరు నడుమ మాగాణి భూముల గురించి ఆ కమిటీ హెచ్చరించింది. అదే ఏడాది డిసెంబరులో సీఆర్‌డీఏ బిల్లును శాసనసభ రోజుల వ్యవధిలో ఆమోదించింది. ఆ బిల్లూ సెలెక్ట్ కమిటీకి వెళ్లలేదు. ఇరవై తొమ్మిది గ్రామాల రైతులు ముప్పై వేల ఎకరాలకు పైగా ఇచ్చిన ఏర్పాటుకు మూలమైన చట్టం అది. పెట్టిన ప్రభుత్వం వేరు, తీసేయబోయిన ప్రభుత్వం వేరు. తొందర మాత్రం ఇద్దరిదీ.

2020 జనవరి 20న శాసనసభ రెండు బిల్లులనూ ఆమోదించి మండలికి పంపింది. యాభై ఎనిమిది మంది మండలిలో అధికార వైఎస్సార్ కాంగ్రెస్‌కు తొమ్మిది మందే. బిల్లులను కమిటీకి పంపాలన్న ప్రతిపాదన పద్ధతి ప్రకారం సకాలంలో రాలేదని మంత్రులు వాదించారు. ప్రక్రియలో లోటు ఉందని ఒప్పుకుంటూనే చైర్మన్ 154వ నిబంధన కింద తన విచక్షణాధికారం వాడారు. ఓటింగు జరగని నిర్ణయం చెల్లదన్న ప్రభుత్వ వాదన తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. అయితే ఆ తర్వాత జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. కమిటీ ఏర్పాటు దస్త్రాన్ని శాసనసభ కార్యదర్శి చైర్మన్‌కు తిప్పి పంపారు. జనవరి 27న మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. కమిటీ ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. భూములిచ్చిన రైతు గానీ, విశాఖలో రాజధాని కోరుకున్న ఉత్తరాంధ్ర మనిషి గానీ, హైకోర్టు కోసం ఎదురుచూసిన కర్నూలు న్యాయవాది గానీ ఒకే బల్ల ముందు కూర్చుని తమ మాట చెప్పే అవకాశం అక్కడితో పోయింది.

తర్వాతిది చకచకా జరిగింది. జూన్‌లో శాసనసభ బిల్లులను రెండోసారి ఆమోదించింది. 197వ అధికరణం ప్రకారం రెండోసారి వచ్చిన బిల్లును మండలి నెలకు మించి ఆపలేదు. జులై 31న గవర్నర్ సంతకం అయింది. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాలను ఉపసంహరించుకుంది, మండలి రద్దు తీర్మానాన్ని కూడా. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది. కమిటీ గదిలో కొన్ని నెలల్లో నలగవలసిన విషయం కోర్టుల్లో, రోడ్ల మీద ఏళ్లు నలిగింది. భూహక్కుల చట్టం కూడా ఇలాంటిదే. 2023 చివర్లో అమల్లోకి వచ్చాక న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి వీధికెక్కారు, 2024లో అది రద్దయింది. బిల్లుగా ఉన్నప్పుడే చెప్పుకోవలసిన అభ్యంతరాలవి.

కమిటీ చూస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా కృష్ణ మీదే ఉంది. ఆనకట్టల భద్రతకు కేంద్రం చట్టం చేయాలని కోరుతూ తీర్మానాలు చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2010లో వచ్చిన బిల్లు జలవనరుల స్థాయీ సంఘానికి వెళ్లింది. నియమాలు మీరితే శిక్ష లేకపోతే ఎలా అని సంఘం 2011 నివేదికలో పట్టుకుంది. ఆ బిల్లు సభ గడువుతో పాటే పోయినా, తర్వాతి బిల్లులో శిక్షలు చేరాయి. 2021 ఆగస్టు 5న పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయి, నిల్వ ఉన్న నీళ్లు చాలావరకు ప్రకాశం బ్యారేజీ మీదుగా సముద్రంలోకి పోయాయి. ఆ డిసెంబరులోనే ఆనకట్టల భద్రత బిల్లు రాజ్యసభ దాటింది. సెలెక్ట్ కమిటీకి పంపాలన్న సవరణ ఓటింగులో వీగిపోయింది.

పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో పదిహేడుతో మొదలై 2004 నుంచి ఇరవై నాలుగయ్యాయి. ఒక్కోదానిలో ముప్పై ఒక్క మంది. మంత్రులకు చోటు లేదు. పదిహేనో లోక్‌సభలో వంద బిల్లుల్లో సుమారు డెబ్బై కమిటీలకు వెళ్లాయి. పదిహేడో సభకు వచ్చేసరికి పదహారు. జమిలి ఎన్నికల బిల్లు మీద 2024 డిసెంబరులో వేసిన సంయుక్త కమిటీలో మచిలీపట్నం ఎంపీ వల్లభనేని బాలశౌరి కూడా ఉన్నారు. ఇలాంటి కమిటీలు పత్రికల్లో ప్రకటన ఇచ్చి సలహాలు అడుగుతాయి. గడువు చాలాసార్లు పదిహేను రోజులు. అర్జీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలంటారు. దివిసీమ రైతుకు ఇది పెద్ద అడ్డు. ఆయన తన భాషలో రాసి ఇవ్వగలిగిన కమిటీ వెలగపూడిలోనే సాధ్యం. కేరళ శాసనసభలో 1980 నుంచి బిల్లులు విషయ సంఘాల పరిశీలనకు వెళ్లడం ఆనవాయితీ. భూమినీ నీటినీ తాకే బిల్లు ఏదైనా కమిటీకి వెళ్లితీరాలని, తెలుగులో వచ్చిన అర్జీలన్నీ నివేదికకు జతచేయాలని ఇక్కడా నియమం రాసుకోవచ్చు. అందుకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. 208వ అధికరణం కింద తన నియమాలు తానే దిద్దుకునే అధికారం సభకు ఉంది.