214 కోట్ల దగ్గర నిండిపోయిన లెక్క

2014లో గంగ్నమ్ స్టైల్ వ్యూస్ 2,14,74,83,647 దాటే టైమ్‌కి యూట్యూబ్ కౌంటర్‌ని 64 బిట్లకు మార్చింది. ప్లస్, మైనస్ రెండూ రాసే 32 బిట్ల లెక్కలో అతిపెద్ద నంబర్ అదే. 31 రెండ్లను గుణించి 1 తీసేయండి, వచ్చేస్తుంది.

ఇది ప్రధాన సంఖ్య అని 1772లోనే ఆయిలర్ నిరూపించారు. అప్పటికే ఆయనకు చూపు దాదాపు పోయింది! 46,340 వరకు అన్నిటితో భాగించలేదు. దీనికి ప్రధాన భాజకం ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 రావాలని తేల్చి, అలాంటివే చూశారు.

ఈ నంబర్ నుంచే ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య వస్తుంది. ఇంతకంటే పెద్దది ఎవరూ కనుక్కోరని 1811లో బార్లో రాశారు. తర్వాత చాలా దొరికాయి.

1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల సిస్టమ్స్ 2038 జనవరి 19న ఇక్కడే నిండిపోతాయి. 'ఇంత చాలు' అనుకున్న ప్రతిచోటా ఇదే కథ!