అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయములందు విద్యార్థి ఉద్యోగుల సమష్టి బేరసారపు హక్కు

పైచదువులకై అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోవు తెలుగు విద్యార్థులలో పలువురు అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో బోధన సహాయకులుగనో, పరిశోధన సహాయకులుగనో పనిచేయుచుందురు. క్రింది తరగతులకు పాఠములు చెప్పుట, జవాబు పత్రములు దిద్దుట, ప్రయోగశాలలు నడుపుట వీరి పనులు. ప్రతిఫలముగా జీతమును, పెక్కుచోట్ల ఫీజు మినహాయింపును లభించును. వీరు విద్యార్థులా, ఉద్యోగులా? సంఘముగా కూడి, యాజమాన్యముతో జీతభత్యములను గూర్చి చర్చించి, ఒడంబడిక వ్రాయించుకొను హక్కు వీరికి కలదా? ఈ వివాదమునకు అరువది సంవత్సరముల చరిత్ర కలదు.

1935లో అమెరికా కేంద్ర ప్రభుత్వము కార్మికులకు సమష్టి బేరసారపు హక్కును చట్టముచే ప్రసాదించినది. కాని ఆ చట్టము రాష్ట్ర ప్రభుత్వముల ఉద్యోగులకు వర్తింపదు. అందుచేత ప్రభుత్వ విశ్వవిద్యాలయములలోని వారి భాగ్యము ఆయా రాష్ట్రముల శాసనసభల చేతిలో నున్నది.

ఈ చరిత్రకు మూలస్థానము విస్కాన్సిన్ రాష్ట్రములోని మాడిసన్ నగరము. అచ్చటి విశ్వవిద్యాలయమున 1966లో బోధన సహాయకుల సంఘ మేర్పడినది. తొలుత సభ్యులు కొలదిమందియే. 1969లో పరరాష్ట్రములనుండి వచ్చిన సహాయకులకు గల ఫీజు మినహాయింపును తొలగింపవలెనని శాసనసభలో ప్రతిపాదన రాగా, పలువురు సంఘములో చేరిరి. ఆ సంవత్సరమే ఎన్నిక జరిగి, విశ్వవిద్యాలయము సంఘమును గుర్తించినది. చర్చలు ఫలింపకపోవుటచే 1970 మార్చి 16న సమ్మె ప్రారంభమై, ఏప్రిల్ 8 వరకు సాగినది. తుదకు కుదిరిన ఒడంబడికలో ఉద్యోగ భద్రత, తరగతిలోని విద్యార్థుల సంఖ్యకు పరిమితి, ఫిర్యాదుల విచారణకు పద్ధతి చేరినవి. పాఠ్యప్రణాళిక నిర్ణయములో పాలు కావలెనను కోరిక మాత్రము నెరవేరలేదు.

ఈ ఒడంబడికకు ఆధారము విశ్వవిద్యాలయపు అంగీకారమే కాని చట్టము కాదు. ఆ లోపము పదియేండ్లకు బయటపడినది. 1980లో విశ్వవిద్యాలయము తన అంగీకారమును ఉపసంహరించుకొనినది. సమ్మె జరిగియు ప్రయోజనము లేకపోయినది. 1985లో రాష్ట్ర శాసనసభ చట్టము చేసిన పిదపనే హక్కు మరల లభించినది. అయినను 2011లో ఆ శాసనసభయే మరియొక చట్టముచే ప్రభుత్వోద్యోగులలో అత్యధికుల బేరసారమును మూలవేతనమునకు మాత్రమే పరిమితము చేసినది. గుర్తింపు నిలువవలెనన్న ఏటేట ఎన్నిక జరుగవలెను. ఆ ఎన్నికలో, ఓటు వేయని వారినిగూడ లెక్కించి, మొత్తము ఉద్యోగులలో 51 శాతము అనుకూలింపవలెను. ఆ నిబంధనలకు లోబడి గుర్తింపు కోరరాదని బోధన సహాయకుల సంఘము నిశ్చయించినది.

మిచిగన్ విశ్వవిద్యాలయమునందు 1975లో సమ్మె జరిగి ఒడంబడిక కుదిరినది. 1981లో ఆ రాష్ట్రపు ఉద్యోగ సంబంధముల సంఘము బోధన సహాయకులు ఉద్యోగులేయని తీర్పు చెప్పినది. పరిశోధన సహాయకులకు మాత్రము ఆ హోదా దక్కలేదు. 2012లో వారు ఉద్యోగులు కారని శాసనసభ స్పష్టముగా చట్టము చేయగా, 2014లో న్యాయస్థానము దానిని కొట్టివేసినది. 2023లో శాసనసభయే ఆ నిషేధమును తొలగించినది.

కాలిఫోర్నియాలో బోధన సహాయకుల సంఘములకు 1999లో గుర్తింపు లభించినది. పరిశోధన సహాయకులకు 2017 నాటి చట్టముచే హక్కు కలిగినది. 2022 నవంబరులో ఆ విశ్వవిద్యాలయపు పది ప్రాంగణములలో సుమారు 48,000 మంది విద్యార్థి ఉద్యోగులు, పరిశోధకులు సమ్మెచేసి, జీతముల పెంపును సాధించిరి.

ఈ మూడు రాష్ట్రముల వృత్తాంతమునుబట్టి ఒక విషయము తేటపడుచున్నది. చట్టము లేని ఒడంబడిక యాజమాన్యపు ఇష్టముపై నిలుచును. చట్టము శాసనసభలోని సంఖ్యాబలముపై నిలుచును. పరదేశమునుండి వచ్చిన విద్యార్థికి ఆ శాసనసభ ఎన్నికలలో ఓటు లేదు. కాని హక్కున్న రాష్ట్రములలో, గుర్తింపు పొందిన సంఘమునందు, అతడు తోటివారితో సమానముగా సభ్యుడై ఓటు వేయవచ్చును. తన జీతమును, పనిగంటలను నిర్ణయించు చోట అతనికి గల ఓటు అదియొక్కటే. మన బిడ్డలను ఆ దేశమునకు పంపునపుడు, వారు చేరబోవు రాష్ట్రమున ఈ హక్కు కలదో లేదో విచారించుట తలిదండ్రులకును, విద్యార్థులకును మేలు.