చర్మానికి ఆ రంగు ఎలా వచ్చింది?

బిడ్డ నల్లగా పుట్టిందని దిగులుపడిన తల్లులను నా వైద్యవృత్తిలో ఎందరినో చూశాను. కుంకుమపువ్వు పాలు త్రాగినా ఇలా ఎందుకయిందని అడిగేవారు. దానికి సమాధానం మానవజాతి చరిత్రలో ఉన్నది.

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. దానిని తయారుచేసే కణాల సంఖ్య నల్లవారిలోనూ తెల్లవారిలోనూ దాదాపు సమానమే. ఆ కణాలు తయారుచేసే మెలనిన్ పరిమాణం, రకం మాత్రమే వేరు.

మనందరి పూర్వీకులు ఆఫ్రికావాసులు. తీవ్రమైన ఎండలోని అతినీలలోహిత కిరణాలు శరీరంలోని ఫోలేట్ అనే విటమిన్‌ను నాశనం చేయగలవు. గర్భస్థ శిశువు వెన్నుపాము సరిగా రూపొందడానికి ఫోలేట్ అత్యవసరం. కాబట్టి నల్లని చర్మం అక్కడ రక్షణ కవచమయిందని జబ్లాన్‌స్కీ, చాప్లిన్ అనే శాస్త్రవేత్తలు 2000లో వివరించారు.

ఉత్తరదేశాలలో సమస్య తారుమారయింది. అక్కడ ఎండ తక్కువ. చర్మం విటమిన్ డి తయారుచేసుకోవాలంటే ఎండ కావాలి. అది లోపిస్తే పిల్లల ఎముకలు వంగే రికెట్స్ వస్తుంది. ఈ వ్యాధి వార్సా నగరపు పిల్లలలో ఎక్కువనీ, పల్లె పిల్లలలో అరుదనీ 1822లోనే పోలెండ్ వైద్యుడు ష్నియదెట్స్కీ గమనించాడు. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత దీపంతో దానిని నయం చేశాడు. తక్కువ ఎండను చక్కగా వినియోగించుకొనే లేతరంగు చర్మం అక్కడ క్రమంగా వ్యాపించింది.

అదీ ఒక్కసారిగా జరగలేదు. ఇంగ్లండులో 1903లో దొరికిన చెడ్డార్ మానవుని అస్థిపంజరం సుమారు పదివేల ఏళ్లనాటిది. అతని చర్మం బహుశా నల్లనిదేనని 2018లో డి.ఎన్.ఎ. పరీక్షను బట్టి శాస్త్రజ్ఞులు తెలిపారు.

చర్మాన్ని లేతపరచే ఒక ముఖ్య జన్యుమార్పు భారతీయులకూ యూరోపియన్లకూ ఒకే పూర్వీకుని నుండి సంక్రమించిందని 2013లో మన హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన తేల్చింది. ఇటువంటి జన్యువులు అనేకం కలిసి రంగును నిర్ణయిస్తాయి. అందుకే ఒకే ఇంట అన్న ఎర్రగా, చెల్లెలు చామనఛాయగా ఉండవచ్చు. కుంకుమపువ్వు వాటిని మార్చలేదు.

కనుక రంగు కోసం స్టెరాయిడ్ కలిసిన క్రీములు వైద్యుని సలహా లేకుండా పూయకండి. అవి చర్మాన్ని పలుచబరుస్తాయి. పాదరసం కలిసినవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చలిదేశాలలో ఉన్న మీ పిల్లలకు మాత్రం విటమిన్ డి గురించి అక్కడి వైద్యుని అడగమని చెప్పండి. మన చర్మం ఆ ఎండకు తయారైనది కాదు.

నల్లని బిడ్డకు ఏ లోపమూ లేదు. వేల తరాల తల్లులు తమ బిడ్డలకు అందించిన రక్షణే ఆ రంగు.