గుర్రం దిగిన సవారు

‘గుర్రం’ అన్న మాట తెలుగుదే. దానికి తగిలించేవి మాత్రం చాలామటుకు ఉర్దూ దారిన వచ్చాయి: జీను, లగాము, రికాబు, చాబుకు. రాజమండ్రిలో జట్కాలు తిరిగిన రోజుల్లో ఈ లఫ్జులు వేరే జబాన్‌వని ఎవరికీ అనిపించేది కాదు. మా నానా జట్కా తోలేవారు. సాయంత్రం ఇంటికొచ్చాక ముందు గుర్రానికి నీళ్లు, మాలిష్, దానా. ఆ తర్వాతే ఆయన కంచం ముందు కూర్చునేవారు. ఇది ఆయన ఒక్కరి అలవాటు కాదు, ఫౌజులో గుర్రపు రిసాలాల పాత కాయదా కూడా ఇదే.

అప్పటి రిసాలాల్లో చాలావాటికి ‘సిలాదారీ’ పద్ధతి ఉండేది. సవారు తన గుర్రాన్ని తానే తెచ్చుకోవాలి, లేదా దాని ఖరీదు కింద ‘అసామీ’ సొమ్ము జమ కట్టాలి. అంటే గుర్రం అతని ఇజ్జత్, అతని రోజీ. దక్కన్‌లో నిజాం కంటింజెంట్ నుంచి పుట్టిన 20వ దక్కన్ హార్స్ అలాంటి రిసాలాయే. మన దక్కనీ ముస్లింలూ అందులో ఉన్నారు. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లోని సోమ్ రణరంగంలో, హై వుడ్ అనే అడవి దగ్గర, మరఫిరంగుల కాలంలో వాళ్లు బల్లేలు పట్టుకుని గుర్రాలను దౌడు తీయించారు. నిజాం సొంత హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా వైపు వెళ్లారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గర నిలబడిన ముగ్గురు కాంస్య సిపాయిల్లో ఒకరు వాళ్లకు గుర్తు.

తారీఖ్ కితాబులు దౌడు దగ్గరే ఆగిపోతాయి. జంగ్ ముగిశాక ఏమైంది? సిలాదారీ పద్ధతి 1921లో రద్దయింది. ఈజిప్టులో ఫౌజీ గుర్రాలను వేలాదిగా అక్కడే అమ్మేశారు. 1930లో కైరో వెళ్లిన డొరొతీ బ్రూక్ అనే ఆంగ్లేయ మహిళ, ఆ గుర్రాలు ముసలివై, పుండ్లతో బండ్లు లాగుతుండడం చూసింది. 1931లో లండన్ అఖ్బార్‌కు ఖత్ రాసింది. చందాలు వచ్చాయి. సుమారు 5,000 గుర్రాలను కొని విడిపించింది. 1934లో వాటికోసం దవాఖానా పెట్టింది. గుర్రానికి ఆలస్యంగానైనా ఒక హమ్‌దర్ద్ దొరికింది. మరి గుర్రం దిగిన సవారుకు?

అతని దిల్‌లోని జఖానికి అప్పట్లో ‘షెల్ షాక్’ అని పేరు. ఇప్పుడు పీటీఎస్‌డీ అంటున్నారు. దానికి మందులతో పాటు గుర్రం సోహబత్‌ను కూడా వాడిచూస్తున్నారు. 2006లో అమెరికా ఫౌజు ఫోర్ట్ మయర్‌లో ఈ పని మొదలుపెట్టింది. ఆర్లింగ్టన్ ఖబ్రస్తాన్‌కు అమరుల తాబూత్‌లు లాగే గుర్రాలనే, ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల నుంచి గాయపడి వచ్చిన జవాన్లకు సవారీకి ఇచ్చింది. జనాజా మోసిన గుర్రమే జిందా మనిషినీ మోసిందన్నమాట.

ఇందులో జాదూ ఏమీ లేదు. గుర్రం వేటకు బలయ్యే జాతి. చిన్న అలికిడికీ చెవులు నిక్కిస్తుంది, పక్కనున్నవాడి ఒళ్లు బిగిస్తే తానూ బెదురుతుంది. జంగ్ నుంచి వచ్చినవాడూ అలాగే ఉలిక్కిపడుతుంటాడు. గుర్రాన్ని నిమ్మళింపజేయాలంటే ముందు తన ఊపిరి తాను నిమ్మళించుకోవాలి. రోజూ నీళ్లు పెట్టాలి, దువ్వాలి. అతను మళ్లీ ఒక ప్రాణానికి కావలసినవాడవుతాడు. పాత సవారుకు కాయదాగా దక్కిన సుకూన్ ఇదేనని నాకనిపిస్తుంది.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం ‘మిలిటరీ మాధవరం’ అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ సిపాయిలను పంపిన ఊరు. ఈరోజుకీ ఇంటింటా ఫౌజీలే. అమరుల స్తూపానికి దండలు వేస్తాం, సలాం కొడతాం, మంచిదే. కానీ పింఛను కాగితంతో తిరిగొచ్చి, రాత్రి నిద్రపట్టక అరుగు మీద కూర్చునే మనిషి సంగతి అడగడం మనకింకా అలవాటు కాలేదు. కాలవల దేశంలో అందరికీ గుర్రం తేలేం. పెరట్లో గేదె ఉంది, కుక్క ఉంది, చెట్టు ఉంది. వాటి బాధ్యత ఆయన చేతిలో పెట్టి, పక్కన కూర్చుని ‘ఎలా ఉన్నారు మామయ్యా’ అని అడగడానికి సర్కారీ హుకుం అక్కర్లేదు.