రెండో రిపోర్టు వచ్చేలోగా

గుంటూరు కొత్తపేట. రాత్రి ఒంటిగంట దాటింది. బయట గోడలు ఇంకా పగటి ఎండనే కక్కుతున్నాయి. ఈ ఎమర్జెన్సీ గదిలో మాత్రం ఏసీ చలికి దుప్పటి అడగాల్సి వస్తోంది. మూడో మంచం మీద మా బామ్మర్ది చొక్కా విప్పి పడుకున్నాడు. ఛాతీకి ఎడమవైపు వరసగా ఎర్రటి గుండ్రాలు. ఈసీజీ తీసేటప్పుడు జెల్లీ పూసి రబ్బరు బుడ్డీలు అంటిస్తారే, అవి పీల్చిన గుర్తులు. కాళ్లకీ చేతులకీ నాలుగు క్లిప్పులు, ఛాతీకి ఆరు బుడ్డీలు, కాగితం మీద పన్నెండు వరసల గీతలు. ఆ కాగితం ఇప్పుడు నా చేతిలో ఉంది. డ్యూటీ డాక్టరమ్మ దాని మీద నార్మల్ అని రాసి, కింద సంతకం కూడా పెట్టి వెళ్లింది. అయినా వాడి రెండు వేళ్లూ మెడ పక్క నరం మీద నుంచి కదలడం లేదు.

"బావా, ఒక్కసారి నువ్వు చూడు. మధ్యలో ఒకటి తప్పుతోంది."

"మిషను చూస్తోందిగా."

మిషను అన్నందుకు తలెత్తి మానిటర్ వైపు చూశాడు. 104. ఆ అంకె చూసిన భయానికి 109. "చూశావా, పెరుగుతోంది!" అనేసరికి 116. సెలైన్ స్టాండు సర్దుతున్న సిస్టర్ మాటా పలుకూ లేకుండా మానిటర్‌ని గోడవైపు తిప్పేసింది. "అది మాకండీ, మీక్కాదు" అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. నేను కూర్చున్న స్టూలు నుంచి ఆ తెర వారగా కనబడుతోంది. కాసేపటికి 98. ఇంకాసేపటికి 88. మందేమీ వేయలేదు, సూది గుచ్చలేదు. తెర తిప్పారంతే.

మొదటి రక్తం ఇందాకే తీసుకెళ్లారు. ట్రోపోనిన్ పరీక్ష. అది గుండె కండరంలో ఉండే ప్రొటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. అయితే దెబ్బ తగిలిన వెంటనే బయటపడదు, కొన్ని గంటలు పట్టొచ్చు. అందుకే మొదటిసారి బాగున్నా మూడు గంటలాగి ఇంకో శాంపిల్ తీస్తామంది డాక్టరమ్మ. ఆ మూడు గంటలే ఇప్పుడు మా ముందున్నాయి.

వరండాలో వాడి భార్య కుర్చీ అంచున కూర్చుని ఉంది. "అన్నయ్యగారూ, శుభ్రంగా అన్నం తిన్నాడు. పడుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు" అంది. ఫోనులో ఏం చూశాడో ఇద్దరికీ తెలుసు. జిమ్‌లో బరువులెత్తుతూ కూలిపోయిన కుర్రాడు, పెళ్లి బరాత్‌లో ఆడుతూ పడిపోయిన పెళ్లికొడుకు స్నేహితుడు. ఒకటి చివరిదాకా చూస్తే ఫోను ఇంకో పది తెచ్చి పెడుతుంది. 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు బెంగళూరు జయదేవ ఆసుపత్రికి చెకప్‌ల కోసం జనం పోటెత్తారు. వాళ్లలో చాలామంది ఆ వారం దాటాక మామూలుగా పన్లలో పడి ఉంటారు. వీడు పడలేదు. పైగా మొన్న సంక్రాంతి ముందు, వాడు లెక్కలు రాసే కోల్డ్ స్టోరేజీలో పక్క సీటాయన మధ్యాహ్నం భోంచేసి వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ కుర్చీ తీయించెయ్యమని వీడు మేనేజర్ని అడిగాడట.

లోపలి నుంచి కేక. వెళ్తే చేతులు ఎత్తి చూపిస్తున్నాడు. "బావా, వేళ్లు జిల్లుమంటున్నాయి. పెదాల చుట్టూ కూడా."

డాక్టరమ్మ వచ్చింది. ముప్పై దాటి ఉండవు. నిద్రలేని కళ్లు, జడ చివర పెన్ను. వాడి చేతుల వంక కాక పొట్ట వంక చూసింది. "ఎంత వేగంగా పీలుస్తున్నారో గమనించారా? అవసరాన్ని మించి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతోనే తిమ్మిర్లు, తల తేలిపోవడం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం. ఊపిరి చాలట్లేదనిపిస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ పీలుస్తారు. నెమ్మదిగా వదలండి. పీల్చడం సంగతి తర్వాత." ఆమె ఎదురుగా నిలబడి వదిలిస్తుంటే తిమ్మిరి వేళ్ల చివర్లకి జరిగి, పోయింది.

ఇక్కడొక మాట. ఇలాంటివాళ్లని చూసి బంధువులు "వాడిదంతా భ్రమ" అంటారు. మా అత్తయ్య ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, మనోవ్యాధికి మందు లేదని కూడా అంటుంది. నేనొప్పుకోను. తిమ్మిరి నిజం. గంటల తరబడి బిగపట్టిన ఛాతీ కండరం నొప్పి నిజం. గుండె దడ మిషను మీదే కనబడింది. తప్పల్లా వాటికి వాడు చెప్పుకునే అర్థంలో ఉంది.

రెండు గంటల వేళ తలుపు బాదుకుంటూ తెరుచుకుంది. మిర్చి యార్డు హమాలీ, అరవై ఏళ్లుంటాయి. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. మా వాడు నొప్పిని ఒక్క వేలితో, ఇక్కడా అని చూపించాడు. ఆయన వేలు చూపించడం లేదు, పిడికిలి ఛాతీ మధ్య పెట్టుకుని పళ్లు బిగించాడు, అంతే. "సాయంత్రం నుంచీ ఉందండీ, గ్యాసనుకున్నాం" అంటున్నాడు కొడుకు. ఈసీజీ కాగితం చూస్తూనే డాక్టరమ్మ ఫోనందుకుంది. ఎవరూ పరిగెత్తలేదు గానీ అందరి చేతులూ ఒకేసారి కదిలాయి. ఆస్పిరిన్ నమిలించారు, స్ట్రెచర్ మార్చారు, కొడుకు వణికే చేత్తో సంతకం పెట్టాడు. క్యాత్ ల్యాబ్ వైపు చక్రాల చప్పుడు వెళ్లిపోయింది. అత్తరూ కారం ఘాటూ కలిసిన ఒక వాసన కాసేపు గదిలోనే ఉండిపోయింది.

మా వాడు లేచి కూర్చున్నాడు. "చూశావా బావా. ఆయనా గ్యాసే అనుకున్నాడు."

దీనికి జవాబు లేదు. ఉందని నటించకూడదు కూడా. ఆలస్యం చేసిన ఆ హమాలీ కథ నిజమే, భయపడి వచ్చిన మా వాడి గీతలు బాగుండటమూ నిజమే. అనుమానపడేవాడికి అసలు జబ్బు రాదన్న హామీ ఎక్కడా లేదు. ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ లేని జబ్బులు ఊహించుకునే రోగి మీద ప్రహసనం రాసి, ఆ రోగి వేషం తానే కట్టాడు. 1673 ఫిబ్రవరిలో నాలుగో ప్రదర్శన నాడు రంగం మీదే కుదేలై, ఆ రాత్రే చనిపోయాడు. జబ్బు నటిస్తున్నవాడికి జబ్బు నిజంగానే ఉంది. ఈ కథ నాకు అప్పుడు గుర్తొచ్చినా వాడికి చెప్పలేదు లెండి, చెప్పే చోటు కాదది.

వాడు ఫోను తీశాడు. రీల్స్ కాదు, పీడీఎఫ్. అపార్ట్‌మెంట్ కింద ల్యాబ్ వాళ్లు టెంటు వేసి, సగం ధరకే ఫుల్ బాడీ చెకప్ అంటే చేయించుకున్నాడు. హద్దు దాటిన అంకెలు లావు అక్షరాల్లో ఉన్నాయి. ఆ లావు అక్షరాల్ని ఒక్కొక్కటే గూగుల్‌లో కొట్టి, ప్రతిదాని కింద ఉన్న జబ్బుల్లో చిట్టచివరిదీ అతి భయంకరమైనదీ తన పేర రాసుకున్నాడు. ఇటువైపు వచ్చిన డాక్టరమ్మ అది చూసి నవ్వలేదు. ప్రిస్క్రిప్షన్ వెనక లెక్క వేసింది. చాలా పరీక్షల్లో ఆరోగ్యవంతులు నూరుగురిలో 95 మందికి వచ్చే అంకెలనే నార్మల్ అంటారు. మిగతా ఐదుగురూ ఆరోగ్యవంతులే, గీత మాత్రం దాటుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏ రోగమూ లేనివాడికి కూడా కనీసం ఒకటి హద్దు దాటే అవకాశం 64 శాతం. "మీరు చేయించుకున్నవి ఎన్ని?" అంది. పీడీఎఫ్ మొదటి పేజీలో గర్వంగా వేసి ఉంది: 80కి పైగా.

వాడు లెక్కల మనిషి కదా, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగున్నరకి రెండో రిపోర్టు వచ్చింది. మార్పు లేదు. వాడు మంచం దిగిన తీరు చూడాలి. సిస్టర్‌కి దండం, వాచ్‌మన్‌కి యాభై. తెల్లవారకుండానే తెరిచిన బండి దగ్గర రెండు ప్లేట్ల ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. "ఇక జన్మలో ఈ గొడవ లేదు బావా" అన్నాడు.

సాయంత్రం ఫోన్. గొంతు తగ్గించి: "బావా, ఆ రక్తం సీసా మీద నా పేరే రాశారంటావా?"

1986లో ఇంగ్లండులో పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ అనే ఇద్దరు పరిశోధకులు రాసింది సరిగ్గా ఈ ఫోన్ కాల్ గురించే అనిపిస్తుంది. ఆరోగ్యం గురించి బెంగపడేవాడికి ఇచ్చే ధైర్యం కాసేపే పనిచేస్తుంది, తర్వాత బెంగ తిరిగొస్తుంది, మళ్లీ అడగాలన్న తహతహ మాత్రం బలపడుతుంది. అక్కచెల్లెళ్లు, భార్య, అత్తయ్య, నేను రోజూ పోసే "ఏం కాదురా" అంతా ఆ పొయ్యిలోకే పోతోందన్నమాట. 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల జాబితా మార్చినప్పుడు హైపోకాండ్రియా అన్న పాత ముద్ర తీసేసి, ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్ అనే పేరు తెచ్చారు. పేరు మారడం వాడికేం పట్టలేదు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లమనగానే "నాకు పిచ్చా?" అన్నాడు, అందరూ అన్నట్టే.

వేళాకోళం చేసేవాళ్ల కోసం ఒక సంగతి. 2023 డిసెంబరులో స్వీడన్ రికార్డులతో వచ్చిన అధ్యయనంలో, ఈ నిర్ధారణ అయినవాళ్లు మిగతావాళ్లకంటే ముందే చనిపోతున్నారని తేలింది. ఆత్మహత్య ముప్పు దాదాపు నాలుగు రెట్లు. అర్ధరాత్రి బెంగ ముదిరితే మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరికి ఎలాగో ఒప్పించి తీసుకెళ్లాం. బ్రాడీపేటలో మేడ మీద చిన్న గది. సైకాలజిస్టు పెద్దాయన, ఖద్దరు చొక్కా. నన్నూ వాడి భార్యనీ కూడా కూర్చోమన్నాడు. "కళ్లు మూసుకోండి. మింగడం మీదే ధ్యాస పెట్టండి. నాలుక ఎక్కడ ఆనుతోంది, గొంతులో ఏముంది." మీరూ ఈ పేజీ పక్కన పెట్టి ఒక్క నిమిషం చేసి చూడండి. మూడోసారి మింగేటప్పటికి ఏదో అడ్డుపడుతున్నట్టు ఉంటుంది. నాకూ అలాగే అయింది. మా వాడు కళ్లు తెరిచి, "మీ ముగ్గురికీ ఉందా?" అని అడిగాడు. వాడి గొంతులో ఆశ్చర్యం కంటే అసూయ ఎక్కువుంది.

దవడ కింద గడ్డ సంగతీ ఆ గదిలోనే బయటపడింది. రోజూ అద్దం ముందు నొక్కి నొక్కి చూసుకుంటున్నాడు. ఎక్కడైనా అన్నిసార్లు నొక్కితే కందుతుంది, నొప్పెడుతుంది. ఆ నొప్పే వాడికి సాక్ష్యం. ముందు వైద్యుడొకరు చేత్తో చూసి, మామూలు గ్రంథి అన్నారు. ఆ తర్వాత పని మొదలైంది. పెద్దాయన ఏదీ ఒక్కసారిగా మాన్పించలేదు. నొక్కాలనిపించినప్పుడు టైము రాసుకుని అరగంట వాయిదా వెయ్యమన్నాడు. వాడు మాటిమాటికీ వేలికి తగిలించుకునే ఆక్సీమీటరు భార్య బీరువాలోకి వెళ్లింది. పది మంది డాక్టర్లు కాదు, ఒకే డాక్టరు, ఆయన చెప్పిన తేదీకే వెళ్లాలి. ఆ డాక్టరు ఒక చీటీ కూడా రాసిచ్చాడు: ఛాతీ మధ్య బరువు తగ్గకుండా ఉంటే, చెమటలు పోస్తే, నడిస్తే పెరిగే నొప్పైతే, ఆలోచించకుండా ఆసుపత్రికి. తక్కినవాటికి వాయిదా. కొందరికి మాత్రలు కూడా కావాల్సి వస్తాయి. వీడికి ప్రస్తుతానికి అక్కర్లేదన్నారు.

కష్టమైన షరతు మాకు పెట్టాడు. "ఏం కాదు కదా?" అని వాడు అడిగితే ఎవరూ ఏం కాదనకూడదు. మందలించకూడదు కూడా. తెలియదని చెప్పి, చేస్తున్న పని చేసుకోవాలి. మా అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. "కన్నబిడ్డకి ధైర్యం చెప్పొద్దా?" అని ఏడ్చింది. ఇప్పటికీ చాటుగా ఫోన్ చేసి ధైర్యం చెబుతుందని మా అనుమానం.

ఈ సాయంత్రం అరండల్‌పేటలో వాడూ నేనూ నడుస్తున్నాం. బట్టల కొట్టు దగ్గర ఆగాడు. అద్దంలో గెడ్డం పైకెత్తాడు.

"బావా, ఇది మొన్నటికంటే పెద్దదైనట్టు లేదూ?"

"తెలీదురా."

"తెలీదంటే? చూసి చెప్పొచ్చుగా."

"చూసినా తెలీదు. టీ తాగుదామా?"

కోపంగా చూశాడు. "ఆయనకిచ్చే ఫీజు నీకే ఇస్తే సరిపోయేది" అన్నాడు. చెయ్యి దవడ దాకా వెళ్లి, ఏం చెయ్యాలో తోచనట్టు చెవి గోక్కుని దిగింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి టైము రాసుకున్నాడు. బండి దగ్గర రెండు టీలు చెప్పి, "ఒకదాంట్లో పంచదార తగ్గించు" అన్నాడు.

"ఏం, షుగరని అనుమానమా?"

"కాదు బావా, వీడు మరీ పానకం చేస్తాడు."