వ్లాదెక్ స్పీగెల్మన్

వ్లాదెక్ స్పీగెల్మన్ (1906–1982) నాజీలు సాగించిన యూదుల సామూహిక సంహారం, అంటే హోలోకాస్ట్, నుంచి ప్రాణాలతో బయటపడిన పోలండ్ యూదుడు, అమెరికన్ చిత్రకథా రచయిత ఆర్ట్ స్పీగెల్మన్ తండ్రి. యూదులను ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా గీసిన ఆర్ట్ చిత్రకథ ‘మౌస్’ (రెండు సంపుటాలు, 1986, 1991) ద్వారానే ఇతడు లోకానికి తెలిశాడు కనుక, ఇతని స్వభావాన్ని గురించి చెప్పుకొనేదంతా దాదాపుగా కొడుకు చేతి మీదుగా వచ్చినదే.

జీవితం: పోలండ్‌లోని చెన్‌స్తొహోవాలో బట్టల వ్యాపారంలో స్థిరపడిన వ్లాదెక్, 1937లో సొస్నోవియెత్స్‌లోని సంపన్న కుటుంబానికి చెందిన అన్యాను పెళ్లాడాడు. వారి తొలి సంతానమైన రిషూ యుద్ధకాలంలోనే మరణించాడు. పిల్లలు నాజీల చేతికి చిక్కకూడదని, వాడిని దాచిన అన్యా సోదరే విషమిచ్చిందని ‘మౌస్’ చెబుతుంది. దంపతులు హంగరీకి పారిపోబోయి, దొంగదారిన దాటిస్తామన్నవారి ద్రోహంతో పట్టుబడి, 1944లో ఆష్విట్జ్ నాజీ శిబిరానికి చేరారు. యుద్ధానంతరం స్వీడన్‌లో ఉండగా 1948లో ఆర్ట్ పుట్టాడు. 1951లో కుటుంబం అమెరికాకు వలస వెళ్లింది. 1968లో అన్యా ఆత్మహత్య చేసుకుంది.

స్వభావం: శిబిరంలో వ్లాదెక్‌ను నిలబెట్టినవాటిలో అదృష్టంతో పాటు చేతిపని, మాటనేర్పు, ముందుచూపు ఉన్నాయి. తోటి ఖైదీలపై పెత్తనం చేసే కాపో ఒకడికి ఇంగ్లీషు నేర్పి తిండినీ బట్టలనూ సంపాదించాడు. తనకు చేతగాని బూటు మరమ్మతు వచ్చిపడినప్పుడు, అసలైన చర్మకారుడికి రొట్టె ఇచ్చి బాగుచేయించి, పక్కనే నిలబడి ఆ పనిని తానూ నేర్చుకున్నాడు. న్యూయార్క్ జీవితంలో ఈ గుణాలే ఇంటివారికి భారమయ్యాయి. వీధిలో దొరికిన తీగముక్కను దాచుకోవడం, అద్దెలోనే గ్యాస్ ఖర్చు కలిసి ఉంది గనుక అగ్గిపుల్లలు మిగలాలని పొయ్యిని ఆర్పకుండా ఉంచడం, సగం వాడిన తినుబండారాల పెట్టెలను దుకాణానికి తిరిగి ఇవ్వడం, అందుకు శిబిరంలోని కష్టాలను ఏకరువు పెట్టడం వంటివి ‘మౌస్’లో కనిపిస్తాయి. నల్లజాతివారి పట్ల ఇతనికున్న చిన్నచూపునూ కొడుకు దాచలేదు.

ఈ పిసినారితనానికి శిబిరమే కారణమనే వివరణ ప్రచారంలో ఉన్నా, తామంతా ఆ నరకం నుంచి వచ్చినవారమేననీ, ఇలాంటివాడు మరొకడు లేడనీ రెండో భార్య మాలా వాదిస్తుంది. ఆమె కూడా ప్రాణాలతో మిగిలిన యూదురాలే కావడం వల్ల ఈ అభ్యంతరానికి ఎక్కువ బరువుంది. అయితే ఆమె అప్పటికే భర్తతో విసిగి ఉందన్నదీ గమనించదగినది.

కొడుకుతో సంబంధం: ఆర్ట్ 1972లో తొలిసారి, తర్వాత 1978 నుంచి విస్తృతంగా తండ్రి మాటలను టేపులో రికార్డు చేశాడు. ఇద్దరూ తగువు లేకుండా కూర్చోగలిగిన చోటు దాదాపుగా ఈ సంభాషణే అయినా, అదీ మందుల గొడవలతో, ఇంటిపనుల పిలుపులతో తరచు తెగిపోయేది. తన అనుభవాలను కొడుకు చదువుతాడన్న ఆశతో అన్యా రాసిన పుస్తకాలను, దుఃఖం పట్టలేక తానే కాల్చేశానని వ్లాదెక్ ఒప్పుకోవడం వీరి మధ్య అతి పెద్ద గాయం. మొదటి సంపుటం తండ్రిని హంతకుడన్న కొడుకు నిందతోనే ముగుస్తుంది. పడకగదిలో ఫొటోగా మిగిలిన రిషూ ఏనాడూ మారాం చేయలేదు కాబట్టి, ఆ అన్నతో పోటీలో తాను గెలవలేనని ఆర్ట్ భావించాడు.

సాక్ష్యం విలువ: వ్లాదెక్ చెప్పిన పనుల కాలాన్ని కూడితే ఆష్విట్జ్‌లో 12 నెలలవుతాయి, అతడు చెప్పిన మొత్తం మాత్రం 10. శిబిరంలో ఖైదీల వాద్యబృందం వాయించేదని పత్రాలు చెబుతుండగా, ఇతడు అది తనకు గుర్తులేదన్నాడు. ఆర్ట్ ఏ ఒక్కదాన్నీ కొట్టివేయక, వాద్యబృందాన్నీ గీసి, దాన్ని కప్పేస్తూ నడిచే ఖైదీల వరుసనూ గీశాడు. ‘మౌస్’ను కేవలం పుత్రుని ఫిర్యాదుగా చదవడానికి వీల్లేదనడానికి ఈ జాగ్రత్తే బలమైన ఆధారం.