ట్యాబ్‌కి తాళం ఎవరు వేయాలి?

ఈ ఎపిసోడ్ జి.మాడుగుల నుంచి. చదువుకునేటప్పుడు మనసు యూట్యూబ్ మీదికి పోకుండా కంప్యూటర్‌కే తాళం వేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా, ఇవాళ వాటి కథ. మరీ పాతదేం కాదు.

2008లో అమెరికాలో ఫ్రెడ్ స్టట్జ్‌మన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి ఫ్రీడమ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ఎన్ని నిమిషాలు చెప్తే అంతసేపు ఇంటర్నెట్ కట్. మధ్యలో కావాలంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేయాల్సిందే. నాకు నచ్చేది ఇదే. తాళం తీయలేనిదేం కాదు, కానీ తీయడానికి కాస్త సిగ్గేస్తుంది. మరుసటి ఏడాది స్టీవ్ లాంబర్ట్ అనే ఆర్టిస్టు మ్యాక్ కోసం సెల్ఫ్‌కంట్రోల్ తెచ్చాడు. అది ఇంకా మొండిది. యాప్‌నే డిలీట్ చేసినా టైమ్ అయ్యేదాకా వదలదు. రెండింట్లోనూ తాళం వేసుకున్నది చదివేవాడే, గమనించండి.

బడులు ఆ తాళం చేతిలోకి తీసుకున్నాక వ్యవహారం మారింది. 2013లో లాస్ ఏంజిలస్ బడుల్లో ఐప్యాడ్లు ఇచ్చారు, బయటి సైట్లు తెరుచుకోకుండా కట్టడి పెట్టారు. వారం తిరిగేసరికి ఒక్క హైస్కూల్లోనే దాదాపు 300 మంది పిల్లలు సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ డిలీట్ చేసి బయటపడ్డారు. దాంతో ఐప్యాడ్లు ఇంటికి తీసుకెళ్లనివ్వడం ఆపేశారు.

మన దగ్గర 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. టీచర్లవి కలిపి 5,18,740 ట్యాబ్‌లు. పాఠాలు ఆఫ్‌లైన్‌లోనే, పనికిరానివి తెరుచుకోకుండా ఎండీఎం అనే సాఫ్ట్‌వేర్. రెండో విడత 2023 డిసెంబర్ 21న మొదలుపెట్టింది ఎక్కడో కాదు, మన పక్కనున్న చింతపల్లిలోనే. ఇక్కడా అదే కథ. పిల్లలు లాక్ తీసేసి గేమ్స్ ఆడుతున్నారని పేపర్లలో వార్తలొచ్చాయి.

అయితే ఈ కొండల్లో ఇంకో సంగతుంది. ఇక్కడ ఒకప్పటి ఫోకస్ మోడ్ అంటే సిగ్నల్ లేకపోవడమే! నవ్వొస్తుంది గానీ, కోవిడ్ అప్పుడు ఆన్‌లైన్ క్లాస్ కోసం ఏజెన్సీ పిల్లలు కొండలెక్కాల్సి వచ్చింది. 2023 జూన్‌లో ఒకేసారి 100 జియో టవర్లు ప్రారంభిస్తే, 85 మన అల్లూరి జిల్లాలోనే. అంటే నెట్టూ, ట్యాబూ ఒకే ఏడాది వచ్చిపడ్డాయి. మైదానంలో పిల్లలకు పదేళ్లు పట్టిన అలవాటు ఇక్కడ నెలల్లో దిగింది.

మరి యూట్యూబ్ మొత్తం బ్లాక్ చేద్దామా? నేనైతే వద్దంటాను. ట్యూషన్ లేని ఊళ్లో లెక్కల మాస్టారు కూడా అందులోనే ఉన్నాడు. కావాల్సిన పాఠం ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫ్లైట్ మోడ్ పెట్టుకుని కూర్చోవచ్చు. 2019 నుంచి ఆండ్రాయిడ్‌లో ఫోకస్ మోడ్ ఉంది, సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ కింద చూడండి. ఏ యాప్‌లు ఆగాలో టిక్ పెట్టాలి. ఆ టిక్కులు మాత్రం అమ్మానాన్నలు పెట్టొద్దు, పక్కన కూర్చుని పిల్లల చేతనే పెట్టించండి.